రన్‌వే మీద గేదె... రెక్కల మీద దిబ్బరొట్టె!

సూరత్ పేరు చెబితే మనకు ముందు గుర్తొచ్చేది చీర. ఈసారి చీర మడతలు పక్కన పెట్టి విమానం ముక్కలు విప్పుదాం. సీటు బెల్టు పెట్టుకున్నారా? పదండి!

మీకు తెలుసా? సూరత్ విమానాశ్రయంలో కొత్త టెర్మినల్‌ ప్రారంభమైంది 2023 డిసెంబరు 17న. రైట్ సోదరుల ఇంజన్ విమానం తొలిసారి గాల్లోకి లేచింది 1903 డిసెంబరు 17న. సరిగ్గా 120 ఏళ్లు! ఆగండి, అప్పుడే అయిపోలేదు. ఆ రోజు మొదటిసారి ఎగిరిన దూరం ఎంతో చెప్పుకోండి చూద్దాం... 120 అడుగులు! ఏడాదికో అడుగు. ఈ ముహూర్తం పెట్టిన సిద్ధాంతి ఎవరో గానీ శాలువా కప్పాల్సిందే.

అదే రోజు, అదే ఊళ్లో వజ్రాల వ్యాపార కేంద్రం సూరత్ డైమండ్ బోర్స్ కూడా తెరిచారు. 67 లక్షల చదరపు అడుగులు! అమెరికా పెంటగాన్ కంటే పెద్ద భవనం. ఈ చివరి కొట్టు నుంచి ఆ చివరి కొట్టుకు వెళ్లాలంటే బోర్డింగ్ పాస్ అడుగుతారేమో!

రైట్ సోదరుల 120 అడుగులంటే ముప్ఫై ఆరున్నర మీటర్లు. మరి కాగితం విమానం ఎంత దూరం వెళ్తుందో మీకు తెలుసా? 2022 డిసెంబరులో అమెరికాలో ముగ్గురు కుర్రాళ్లు విసిరినది 88.31 మీటర్లు వెళ్లి ప్రపంచ రికార్డు కొట్టింది. రైట్ సోదరుల తొలి పరుగుకు రెండింతల పైమాట! ఆ ముగ్గురిలో ఇద్దరు బోయింగ్ ఇంజినీర్లు. ఆఫీసులో ఉన్నంతసేపూ జెట్లు, ఇంటికొస్తే కాగితాలు.

1932 అక్టోబరు 15న జేఆర్‌డీ టాటా టపా సంచులేసుకుని కరాచీలో బయల్దేరి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి చేరాడు. మ్యాపు తీసి చూడండి, అహ్మదాబాద్‌కూ బొంబాయికీ నడుమ సూరత్ ఉంటుంది. సరే, అహ్మదాబాద్‌లో ఆ విమానానికి పెట్రోలు ఎలా వచ్చిందో మీకు తెలుసా? ఎడ్లబండి మీద, డబ్బాల్లో! టాటా విమాన టపా మొదటి అడుగు వేసింది ఎడ్ల కాళ్ల మీద అన్నమాట. అన్నట్టు, 1982లో 78 ఏళ్ల వయసులో ఆయన మళ్లీ అదే దారిలో ఒంటరిగా విమానం నడిపాడు. మనవళ్లను ఆడించే వయసులో!

ఎద్దుల వంతు అయింది. ఇక గేదె వంతు.

2014 నవంబరు 6న సూరత్ నుంచి ఢిల్లీకి బయల్దేరిన స్పైస్‌జెట్ బోయింగ్ 737 రన్‌వే మీద పరుగందుకుంది. దారికి అడ్డంగా గేదె! ఇంజన్‌కు తగిలింది. ప్రయాణికులందరూ క్షేమం, ఇంజన్ దెబ్బతింది, పాపం గేదె పోయింది. విమానానికి పక్షి తగలడం వినే ఉంటారు. పాడి తగలడం విన్నారా?

ఇంకో చిత్రం. దేశంలో పేరున్న గేదె జాతుల్లో ఒకదాని పేరే 'సూర్తీ'. కొడవలిలా వంగిన కొమ్ములు, చిక్కటి పాలు. ఆ రోజు రన్‌వే ఎక్కినది సూర్తీయేనా? పాపం, దాని ఆధార్ కార్డు దొరకలేదు.

ఇప్పుడు మోడల్ తయారుచేసే వాళ్లకో పరీక్ష. ఆ 737 పొడవు 39.5 మీటర్లు. 1:144 స్కేల్లో చేస్తే 27 సెంటీమీటర్లు, బల్ల మీద చక్కగా పడుతుంది. మరి గేదె? భుజాల దగ్గర 130 సెంటీమీటర్ల ఎత్తున్న గేదె అదే స్కేల్లో 9 మిల్లీమీటర్లు! దానికి కొడవలి కొమ్ములు చెక్కాలి. చెక్కగలరా? సూరత్‌లో అడిగి చూడండి. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది అక్కడే మెరుగు దిద్దుకుంటాయంటారు. గింజంత రాయికి 57 ముఖాలు తీర్చే చేతులకు గేదె కొమ్ములు రెండూ ఏ మూలకి?

ఆ వజ్రాల వ్యాపారుల అండతోనే సూరత్‌లో ఒక బుల్లి విమాన సంస్థ పుట్టిందని మీకు తెలుసా? పేరు వెంచురా. 9 మంది ప్రయాణికులు పట్టే సెస్నా గ్రాండ్ కారవాన్ విమానాలతో 2022లో భావ్‌నగర్, అమ్రేలీ, రాజ్‌కోట్ వైపు సర్వీసులు మొదలుపెట్టింది. ఒక్క ఇంజన్, ఒక్క ప్రొపెల్లర్. పెళ్లివారు బయల్దేరితే వియ్యంకుడికి సీటు దొరకదు!

ఇక అసలు పిచ్చిలోకి దిగుదాం.

మోడల్ విమానాలన్నింటిలోకీ పేరుమోసిన స్కేల్ 1:72. ఈ 72 ఎక్కడి నుంచి ఊడిపడిందో మీకు తెలుసా? ఆరడుగుల మనిషిని ఒక్క అంగుళానికి కుదిస్తే వచ్చే లెక్క అది! 1930ల్లో ఇంగ్లండ్‌లో స్కైబర్డ్స్ అనే చెక్క బొమ్మల కిట్లు దీన్ని వాడుకలోకి తెచ్చాయి. పైలట్ ఆరడుగులు లేకపోతే? ఏం పర్లేదు, కూర్చునే ఉంటాడుగా!

ఆ అంగుళం పైలట్ కనుగుడ్డు ఎంతుంటుంది? మిల్లీమీటరులో మూడో వంతు! దానికి తెలుపు, నలుపు రంగులు వేసే మహానుభావులున్నారు. చేతిలో బ్రష్షు, కంటికి భూతద్దం, ఇంట్లో ఫ్యాన్ బంద్. ఆ గంటసేపు ఎవరూ తుమ్మకూడదు.

రంగు సంగతి వినండి. కోటు మీద కోటు వేస్తూ పదో వంతు మిల్లీమీటరు మందం చేశారనుకోండి. 72 రెట్లు పెంచి చూడండి. 7 మిల్లీమీటర్ల పైమాట! అసలు విమానానికి ఒళ్లంతా దిబ్బరొట్టె వేసినట్టే. అందుకే మోడల్ వాళ్లు రంగును గాలితో పొగలా చిమ్ముతారు. బ్రష్షు పట్టుకున్నవాణ్ని చూసి పాతకాలం మనిషి అనుకుంటారు. నన్నడిగితే బ్రష్షుతో నున్నగా వేసినవాడే మొనగాడు.

ఇంకో లెక్క. ఇది కాస్త మాయగా ఉంటుంది. గేదెను ఢీకొన్న ఆ రకం 737 నిండా జనం, సామాను, ఇంధనం వేసుకుంటే దాదాపు 79 టన్నులు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 72 రెట్లు తగ్గిస్తే బరువు ఎన్ని రెట్లు తగ్గుతుంది? 3,73,248 రెట్లు! అంటే అచ్చం దామాషాలో తూగే 1:72 మోడల్ బరువు 212 గ్రాములు. పావుకిలో కాకరకాయల పాటి కూడా లేదు! విమానమంటే చాలావరకు లోపలున్న గాలికి వేసిన రేకు తొడుగే. టికెట్ ధర చూస్తే అలా అనిపించదు, అది వేరే సంగతి.

ప్లాస్టిక్ మోడల్ కిట్లలో జగమెరిగిన పేరు ఎయిర్‌ఫిక్స్. 1939లో మొదలైన ఈ కంపెనీ అప్పట్లో ఏం చేసేదో మీకు తెలుసా? గాలి నింపే రబ్బరు బొమ్మలు! తర్వాత? దువ్వెనలు! ఆ తర్వాత? ట్రాక్టరు బొమ్మ! స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం దాకా వచ్చేసరికి 1950లు వచ్చేశాయి. తల దువ్వుకుని, పొలం దున్నుకుని, అప్పుడు ఎగిరారు.

పిల్లలాట అని తీసిపారేయకండి. 1942లో అమెరికా నౌకాదళం బడిపిల్లలకు ఇచ్చిన ఇంటిపని తెలుసా? 5 లక్షల విమానం బొమ్మలు చెక్కివ్వండి అని! 50 రకాలు, రకానికి పదేసి వేలు, అన్నీ 1:72లోనే. ఆకాశంలో నీడ చూసి అది మనదా శత్రువుదా అని సైనికులు గుర్తుపట్టడానికి. ఎక్కాలు రాయమంటే ఏడ్చేవాళ్లు కూడా ఎగబడి చేసుంటారు!

బొమ్మలు చూసి పెద్దపెద్దవాళ్లు బెంబేలెత్తిన కథలు మరీ బాగుంటాయి. 1961లో రెవెల్ కంపెనీ అమెరికా క్షిపణి జలాంతర్గామి కిట్ అమ్మింది. లోపలి గదులతో సహా! రహస్యాలు బయటపడ్డాయని అమెరికా నౌకాదళ అడ్మిరల్ రికోవర్ భగ్గుమన్నాడు. కిట్ ధర 2 డాలర్ల 98 సెంట్లు. గూఢచారికి అయ్యే టీ ఖర్చు కూడా కాదు!

అంతకంటే విడ్డూరం 1986లో జరిగింది. రాడార్‌కు దొరకని రహస్య విమానం అమెరికా దగ్గర ఉందని గుసగుసలు. అలాంటిది ఉందని ప్రభుత్వం ఒప్పుకోదు. టెస్టర్స్ అనే మోడల్ కంపెనీ అది ఇలా ఉండొచ్చని ఊహించి 'ఎఫ్-19' అని కిట్ వదిలింది. జనం విరగబడి కొన్నారు. రహస్యం బజారుకెక్కిందని అమెరికా కాంగ్రెస్‌లో ప్రశ్నలు! చివరికి 1988లో అసలు విమానం ఫొటో బయటపెడితే దాని పేరు ఎఫ్-117, ఆకారం బొత్తిగా వేరు. ఆ కిట్‌కు ఒక్క పోలికా కుదర్లేదు, అయినా గోల మాత్రం అసలుదే!

బాల్సా కర్ర పట్టుకుని చూశారా? చేతిలో ఉందో లేదో తెలియనంత తేలిక. వేలిగోరు గుచ్చితే దిగబడుతుంది. కానీ వృక్షశాస్త్రం లెక్కలో అది ఏ వర్గమో మీకు తెలుసా? గట్టి కలప! టేకుదీ అదే వర్గం, బాల్సాదీ అదే వర్గం. శాస్త్రవేత్తలకు హాస్యం తెలియదని ఎవరన్నారు?

ఈ బొమ్మల కర్రతోనే నిజం విమానం చేశారు! రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ ఎగరేసిన మస్కిటో బాంబర్ ఒంటికి నడిమధ్య పొర బాల్సానే. పైనా కిందా ప్లైవుడ్ పొరలు. తయారీలో బల్లలు, కుర్చీలు, పియానోలు చేసే వడ్రంగులు చేయి వేశారు. పేరుకు దోమ, కానీ కుడితే బెర్లిన్ గోక్కుంది!

మన కొండపల్లి బొమ్మలకూ తేలిక కర్రే కావాలి. తెల్ల పొణికి. దశావతారాలు, అంబారీ ఏనుగు అన్నీ దాంతోనే. యుద్ధకాలంలో బ్రిటిష్ వాళ్లు కర్ర కోసం కొండపల్లి దాకా రాలేదు గానీ, వచ్చి ఉంటే బాంబర్ మీద రంగుల పూలు ఉండేవి!

బాల్సా అన్నాం కాబట్టి ఈ కథ తీరిగ్గా చెప్పుకోవాల్సిందే. రేడియోతో నడిపే బొమ్మ విమానం అట్లాంటిక్ మహాసముద్రం దాటిందని మీకు తెలుసా? 2003 ఆగస్టులో! చేసినాయన మేనార్డ్ హిల్, అమెరికన్, వయసు 77. చూపు దాదాపు పోయింది, వినికిడీ అంతంతమాత్రం. వేళ్లతో తడుముకుంటూ చేశాడు. బాల్సా, పల్చటి ప్లాస్టిక్ పొర. ఇంధనంతో కలిపి బరువు 5 కిలోలు దాటలేదు. రెక్కల వెడల్పు ఆరడుగులు, అంటే 72 అంగుళాలు. మళ్లీ 72!

ఇంధనం ఎంత? 4 లీటర్లు కూడా నిండదు. అదీ లాంతరులో పోసే రకం. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో వదిలితే ఉపగ్రహాల గుర్తులు పట్టుకుని తనంతట తానే పోయింది. అంతకుముందు పంపినవాటికి ఆ అదృష్టం లేదు, నడిసముద్రంలో జాడలేకుండా పోయాయి. ఇదీ మధ్యలో కాసేపు కబురు పంపడం మానేసింది. గట్టు మీద ఉన్నవాళ్ల గుండెలు జారాయి. చివరికి 38 గంటల 52 నిమిషాలు, 3 వేల కిలోమీటర్ల పైచిలుకు ఎగిరి ఐర్లండ్ సముద్రపు ఒడ్డున దిగింది. దిగేటప్పటికి ట్యాంకులో మిగిలింది గుక్కెడు. మన స్కూటరు మీద ఆ నమ్మకం ఉందా?

దీనికి కొసమెరుపు ఉంది. 1919లో అట్లాంటిక్‌ను ఎక్కడా ఆగకుండా తొలిసారి దాటిన ఆల్‌కాక్, బ్రౌన్ కూడా న్యూఫౌండ్‌లాండ్‌లోనే బయల్దేరి ఐర్లండ్‌లో ఆ చుట్టుపక్కలే దిగారు. కానీ వాళ్ల విమానం బురదనేలలో మూతి గుచ్చుకుని, తోక పైకి లేపుకుని నిలబడింది. బొమ్మ మాత్రం ఒడ్డున బుద్ధిగా దిగింది!

విమానం పుట్టిందే బొమ్మలోంచి అంటే నమ్ముతారా? 1878లో రైట్ గారి పిల్లలకు తండ్రి ఒక ఆటబొమ్మ తెచ్చాడు. వెదురు, కాగితం, బెండు, రబ్బరు బ్యాండు. మెలిపెట్టి వదిలితే పైకప్పు తాకేది. అది విరిగాక వాళ్లే ఇంకా పెద్దవి చేసుకున్నారు. పెద్దవి ఎగర్లేదు! పాతికేళ్ల తర్వాత ఎగిరినది మీకు తెలిసిందే. పిల్లలకు బొమ్మ కొనేటప్పుడు కాస్త ఆలోచించండి, డాబా మీద రన్‌వే కట్టాల్సి రావచ్చు.

రైట్ సోదరుల పోటీదారు శామ్యూల్ లాంగ్లీకి జరిగింది తిరగబడిన కథ. 1896లో ఆయన ఆవిరి యంత్రం పెట్టిన మోడల్ కిలోమీటరు దాకా దర్జాగా ఎగిరింది. సర్కారు ఇచ్చిన 50 వేల డాలర్లతో మనిషి ఎక్కేంత పెద్దది చేశాడు. 1903 డిసెంబరు 8న వదిలితే నదిలో జలకాలాడింది. ఆ తర్వాత తొమ్మిదో రోజున రైట్ సోదరులు ఎగిరారు. వాళ్ల ఖర్చు? వెయ్యి డాలర్ల లోపే!

గాలిసొరంగం అంటే కోట్ల వ్యవహారం అనుకుంటాం కదా? 1901లో ఆ అన్నదమ్ములు ఆరడుగుల చెక్కపెట్టెలో సుమారు 200 బుల్లి రెక్కలు పరీక్షించారు. కొలిచే సాధనాలు దేంతో చేశారో మీకు తెలుసా? రంపపు బ్లేడ్లు, సైకిల్ పుల్లలు! సైకిల్ షాపు వాళ్లు మరి. పంక్చర్లు వేస్తూ పరిశోధన.

మన దగ్గర స్కేల్ మోడల్ పనితనం లేదనుకునేరు! 'మాయాబజార్' సినిమాలో ద్వారకా నగరం గుర్తుందా? 1957లో వచ్చిన ఆ సినిమాకు కళాదర్శకులు గోఖలే, కళాధర్ 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు స్థలంలో 300 బుల్లి ఇళ్లు కట్టించారు. ఒక్కో ఇంట్లో కరెంటు దీపం! ఆ రోజుల్లో చాలా నిజం ఊళ్లకు లేని సదుపాయం.

ఇప్పుడు అసలు విమానాలనే కిట్‌లా చేస్తున్నారు. వాయుసేన కోసం ఎయిర్‌బస్ సీ-295 విమానాలు 56 కొన్నారు. 16 స్పెయిన్ నుంచి, మిగతా 40 ఇక్కడే. ఇక్కడ ఎలా? విమానం ఒంటి భాగాలు హైదరాబాద్‌లోని టాటా ఫ్యాక్టరీలో, మొత్తం అతికించి విమానం చేసేది గుజరాత్‌లోని వడోదరలో. సూరత్‌కు పక్క జిల్లాలు దాటితే వడోదరే. హైదరాబాద్ ముక్కలు, గుజరాత్ అతుకు. డబ్బా మీద 'జిగురు వేరుగా కొనుక్కోవలెను' అని రాసి ఉంటుందా?

హైదరాబాద్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. సీ-130జే రవాణా విమానం తోక ఏ ఊరిదో మీకు తెలుసా? ఆదిభట్లది! అపాచీ హెలికాప్టర్ల కాయం కూడా హైదరాబాద్ సరుకే. ఎక్కడో జపాన్ కుర్రాడు రాత్రంతా మేలుకుని సీ-130 మోడల్‌కు తోక అతికిస్తుంటాడు. ఆ తోకకు ఇంటిపేరు తెలంగాణ అని అతనికెవరు చెప్పాలి?

విశాఖ ఆర్కే బీచ్‌లో టీయూ-142 మ్యూజియం చూశారుగా? 29 ఏళ్లు, 30 వేల గంటలు, ఒక్క ప్రమాదం లేకుండా ఎగిరి 2017లో విశ్రాంతి తీసుకున్న విమానం. దాని ముత్తాత ఎవరో మీకు తెలుసా? అమెరికా వాడి బీ-29! 1944లో సోవియట్ గడ్డ మీద దిగిన బీ-29లను రష్యన్లు తిరిగివ్వకుండా ఉంచుకున్నారు. ఒకదాన్ని విప్పి, ముక్క ముక్కా కొలిచి, అచ్చం అలాంటిదే టీయూ-4 చేశారు. ఆ వంశంలో టీయూ-95, దాని కొడుకు మన టీయూ-142. 1:1 స్కేల్లో ప్రపంచంలోకెల్లా ఘరానా మోడల్ పని అదే!

దాని మోడల్ చేద్దామనుకునే వాళ్లకు హెచ్చరిక: 4 ఇంజన్లు, ఒక్కో ఇంజన్‌కు ఎదురెదురు తిరిగే 2 ప్రొపెల్లర్లు, ఒక్కోదానికి 4 రెక్కలు. మొత్తం 32! 1:72లో చేస్తే డెబ్బై సెంటీమీటర్ల వెడల్పు. అల్మరాలో పట్టదు, టీవీ మీద పెడితే ఇంట్లో పట్టనివ్వరు.

విశాఖకూ సూరత్‌కూ చుట్టరికం ఉందని మీకు తెలుసా? 2025 జనవరి 15న నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ సూరత్ ఏ తరగతి యుద్ధనౌకో చూడండి... విశాఖపట్నం తరగతి! నాలుగు నౌకల్లో పెద్దక్క ఐఎన్ఎస్ విశాఖపట్నం, చిన్నచెల్లి సూరత్. రెండేసి హెలికాప్టర్లు మోస్తాయి. 163 మీటర్ల నౌక 1:700 స్కేల్లో 23 సెంటీమీటర్లు. దాని మీది హెలికాప్టర్? చీమ అడిగితే అద్దెకివ్వొచ్చు.

రికార్డుల్లో మకుటం వేరే లోకంలో ఉంది. 2021 ఏప్రిల్ 19న అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యూటీ బరువు 1.8 కిలోలు. అంటే నిజానికి అదో మోడల్ హెలికాప్టరే! దాని చీఫ్ ఇంజినీర్ బాబ్ బలరామ్ ఎక్కడ చదువుకున్నాడో మీకు తెలుసా? మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడిలో! అయిదుసార్లు ఎగిరితే చాలనుకుని పంపారు. 2024 జనవరిలో ఆగేలోపు ఎన్నిసార్లు ఎగిరిందో ఊహించండి. మీరనుకున్నదే... 72!

చివరిగా ఒక చిట్కా. ముందు చక్రం ఉన్న మోడల్ విమానం పూర్తిచేసి బల్ల మీద పెడితే చాలాసార్లు తోక మీద చతికిలబడుతుంది. అందుకని అనుభవజ్ఞులు అతికించే ముందే మూతిలో సీసం గుండు గానీ, బోల్టు గానీ దాస్తారు. అసలు విమానాలకు ఈ బాధ లేదనుకుంటున్నారా? సోవియట్ ఇల్యూషిన్-62కు నాలుగు ఇంజన్లూ తోక దగ్గరే. ఖాళీగా ఉంటే వెనక్కి ఒరిగిపోతుందని తోక కింద చక్రాలతో ఒక బుల్లి ఊతకాలు పెట్టారు! ఆ ఇంజినీర్ల దగ్గర బోల్టులు అయిపోయాయి కాబోలు.